కెటిల్ మీద చెయ్యి

సాయంత్రంలోగా బొమ్మ ఓకే కాకపోతే ఆర్టిస్టుని పంపించేసి, కెటిల్ పెట్టెలో వేసే, వాడే తీరు చూపించే కాగితం మీద బొమ్మకి బదులు ఫోటో అచ్చేస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. బొమ్మ ఓకే చేయాల్సిన అమ్మాయికీ తెలుసు. అయినా ఆమె ముఖంలో జాలి లేదు.

“ఇందులో మూత ఎక్కడండీ?”

“ఆ మెరుపు వెనకుంది మేడమ్.”

“మెరుపు తీసేయండి. పక్కన ఆ నీడెందుకు?”

“లేకపోతే కెటిల్ గాల్లో తేలుతున్నట్టుంటుంది.”

“తేలనివ్వండి. ఇది చూస్తే మూత తెరవడం తెలియాలి. అంతే.”

“నన్ను ఆర్టిస్టుగా పెట్టుకున్నారా, రబ్బరుగా పెట్టుకున్నారా?”

“రబ్బరుకి ఇంత నోరుండదు.”

ఉక్రోషంతో కొత్త కాగితం లాగాడు. పొట్టకి ఒక గీత. ముక్కుకి ఒకటి. పిడి, మూత, మీట. మీట నొక్కుతున్న చెయ్యి. ఇంకేదో చేరుద్దామని పెన్ను దించబోయి ఆగిపోయాడు. అన్ని మెరుపుల్లోనూ కనిపించని కెటిల్, తెల్లకాగితం మీద నిమ్మళంగా కూర్చునుంది. దానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది.

“ముట్టుకుంటే కాలుతుందేమో అనిపిస్తోంది,” అంది. “పదండి, పరీక్ష ఉంది.”

పరీక్ష పెట్టేది ఆమె అమ్మమ్మ. ఇల్లు ఆఫీసు వెనక వీధిలోనే. ఆవిడకి చదువు రాదు, ఇలాంటి కెటిల్ ఎప్పుడూ ముట్టుకోలేదు. వాళ్ళు తెచ్చిన కెటిల్ ముందు పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని బొమ్మ చూసింది. మీట నొక్కింది. మూత టక్కున లేచింది.

ఆర్టిస్టు ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మమ్మ మాత్రం బొమ్మ వదల్లేదు.

“ఇది నీ చెయ్యే కదే,” అంది మనవరాలితో. “చిటికెన వేలు చూడు. చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది కదా, అచ్చం ఆ వంకరే.”

ఆ అమ్మాయి తన వేలు చూసుకుంది. తర్వాత అతన్ని చూసింది.

“నేనెప్పుడూ మీకు చెయ్యి చూపించలేదే?”

“రోజూ ఆ చెయ్యి చూపిస్తూనే కదా, ఇది తీసేయండి, అది తీసేయండి అంటారు.”

“మూత తెరవడానికి ఆ వంకర అవసరమా?”

“లేదు మేడమ్. మిగతావన్నీ తీసేశాను. అదొక్కటే మనసొప్పలేదు.”

ఆమె పెన్ను తీసుకుంది. వేలి మీద ఆపింది. అక్కణ్ణుంచి కిందికి జరిపి, కాగితం మూల సంతకం పెట్టేసింది.

“అలాగే అచ్చుకి పంపండి,” అంది, ముఖం కిటికీ వైపు తిప్పుకుని.

అమ్మమ్మ కెటిల్‌లో నీళ్ళు పోస్తూ అతన్ని ఎగాదిగా చూసింది.

“నిలబడే ఉన్నావేం బాబూ? కూర్చో. ఇంట్లో ఎవరెవరుంటారు?”