సీలు గది

ఉరవకొండ దాటినాక ఒక ప్రైవేటు కాలేజీ, దాని వెనకాల రాతిమిద్దె గది ఒకటి ఉండాది. ఊరంతా దాన్ని సీలు గది అంటారు. పొద్దు మునిగితే ఆ పక్కకి ఆటో రాదు... రెండింతలు దుడ్లిస్తామన్నా రాదు.

చేన్లు దున్నేటప్పుడు దొరికిన వీరగల్లులు, అంటే యుద్ధంలో చచ్చిన వీరుల రాళ్లు, శాసనాల రాళ్లు ముప్పై దాకా ఆ గదిలో పెట్టినారు. ఏ రాజో దానమిచ్చిన సంగతి చెక్కిన రాగి రేకులు కూడా ఉండాయి. సొత్తు గవర్నమెంటు మ్యూజియముది, గది కాలేజీది. తాళంచెవి కాలేజీ వాళ్ల దగ్గర, తలుపు మీది లక్క సీలు మ్యూజియం వాళ్లది. ఇద్దరూ కలిసి వస్తే గానీ తలుపు తెరవకూడదు. ఇద్దరూ కలిసి ఎప్పుడొస్తారయ్యా అంటే మాత్రం ఎవుడూ చెప్పలేడు.

నాలుగేండ్ల కిందట, ఎండాకాలం సెలవుల్లో, ఆ గదిలో రాత్రిపూట చప్పుడు మొదలైంది. దబ్... దబ్... కొంచేపు సద్దు లేదు. మళ్లా — దబ్. నడుమ నడుమ మూలుగు. వాచ్‌మన్ ఓబుళేసు చెవులారా విన్నాడు. యుద్ధంలో చచ్చినోళ్ల రాళ్లు కదా, దాహానికి అల్లాడతాండాయి అన్నారు జనం. మూడో దినం తలుపు ముందర గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టినారు. ఆ రాత్రితో చప్పుడు నిలిచిపోయింది. శాంతి బాగా పనిచేసిందని ఓబుళేసు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ ఊరి పిల్ల ఆసియాకి మాత్రం ఆ గది పేరెత్తితేనే ఒళ్లు జలదరిస్తాది. ఎందుకో వాళ్లమ్మ ఫాతిమాబీకి కూడా చెప్పలేదు.

ఆసియా వాళ్ల నాయన గౌస్ పీర్ ఆ రాళ్లు తుడిచి, వాటి మీద నంబర్లు రాసేవాడు. ఆ ఎండాకాలంలోనే మనిషి కనపడకుండా పోయినాడు. ఫోను ఆఫీసులో చార్జింగుకు పెట్టింది పెట్టినట్టే ఉండాది. పోలీసులు ఏమన్నారు? దొంగ తెలివైనోడు, జాడ తెలీకుండా ఫోను కూడా వదిలేసి పోయినాడన్నారు. రాగి రేకులు ఎత్తుకోని పోయి బెంగళూరులో అమ్ముకున్నాడని ఊరు తేల్చేసింది. గది తెరిచి చూసినోడు ఒక్కడు లేడు.

రెండేండ్లుగా ఆసియాది ఒకటే పట్టు. గది తెరవండి, రేకులు ఉండాయో లేవో చూడండి, ఉంటే మా నాయన దొంగ కాదని రాసియ్యండి. కాలేజీకి పోతే సొత్తు మాది కాదమ్మా అన్నారు. మ్యూజియానికి పోతే గది మాది కాదమ్మా అన్నారు. పైగా వాళ్ల క్లర్కు శ్రీరంగప్ప ఏటేటా రాసిన కాగితాలు చూపించినారు. సీలు చెక్కు చెదరలేదు, వస్తువులన్నీ భద్రం, అని. సీలు బాగుంటే చాలంట, లోపలికి తొంగి చూసే పనే లేదంట!

"అన్నీ భద్రమైతే మా నాయన ఏం దొంగతనం చేసినాడు సార్?" అని అడిగింది ఆసియా. శ్రీరంగప్ప తల వంచుకోని ఫైలు కట్టుకున్నాడు.

కడాకు మ్యూజియం కొత్తాఫీసరు జ్యోతిలక్ష్మి తానే బయల్దేరి వచ్చింది. తాళంచెవి ఉండేటాయన గుంతకల్లులో పెండ్లికి పోయి రాత్రి ఎనిమిదికి తెచ్చినాడు. రేపు చూద్దాం మేడం అని నసిగినాడు శ్రీరంగప్ప. రేపంటే ఇంకో ఏడాది అని ఆమెకు తెలుసు. కరెంటు లేదు. సెల్‌ఫోన్ల వెలుతురే.

లక్క పగిలింది. తాళం తిరిగింది. తలుపు మాత్రం జానెడు తెరుచుకోని ఆగిపోయింది... లోపల ఏదో అడ్డం.

"ఏముండాదప్పా ఆడ?" గొంతు తగ్గించి అడిగింది జ్యోతిలక్ష్మి. ఓబుళేసు అప్పటికే పదడుగులు వెనక్కి పోయినాడు.

బలంగా తోసి, ఆ సందులో ముందు ఆసియానే దూరింది. కిటికీలన్నీ దొంగల భయంతో ఎప్పుడో రాళ్లు పెట్టి మూసేసినారు. ఎదురుగా గూట్లో — దుమ్ము కింద — రాగి రేకులు. పక్కన చీటీ మీద నాయన రాసిన నంబరు.

"ఉండాయి మేడం... ఉండాయి..." ఏడుపూ నవ్వూ కలిసిపోయినాయి ఆ పిల్లకి. మా నాయన దొంగ కాదు అని గట్టిగా అరవాలనిపించింది. ఫోను పట్టుకోని వెనక్కి తిరిగింది.

తలుపు వెనక మనిషి. కట్టె మాదిరి ఎండిపోయిన మనిషి, గోడకు చేరగిలబడి... ఒళ్లో రాతిముక్క. తలుపు లోపలి పక్క చెక్కంతా గుంతలు. నిలువెత్తున పెద్దవి. నడుమెత్తున చిన్నవి. కింద, గడప దగ్గర — ఉత్త గీతలు.

శ్రీరంగప్ప గడప బయట్నుంచే తొంగి చూసినాడు. రంజాన్ నెల మేడం, గౌస్ పీర్ రోజా ఉన్నాడు, రాళ్ల చాటున చల్లగా పండుకోనుంటాడు... నేను లోపలికి చూడలే, బయట్నుంచే తలుపేసి, తాళం వేయించి, సీలు కొట్టి పోయినా, అన్నాడు. అప్పట్లో చప్పుడు ఆగిన వారానికి కంపు కొడితే పందికొక్కు చచ్చిందిలే అన్నోడు ఓబుళేసే.

జ్యోతిలక్ష్మి ఆసియా భుజం పట్టుకోని, లోపల మనిషి ఉండాడని ఎవరనుకుంటారమ్మా, ఎవరికీ తెలీదు కదా, అంది.

ఆసియా తలుపు మీది గీతల్నే చూస్తాంది.

"నేను విన్యా మేడం," అంది మెల్లగా. "రెండో రాత్రి నాయన్ని వెతుక్కుంటా ఈడికొచ్చినా. లోపల్నుంచి ఆసియా అని పిలిచినాడు. గొంతు ఎండిపోయి నాయన గొంతు మాదిరి లేదు... రాత్రిపూట దెయ్యం రెండుసార్లే పిలుస్తాది, మూడోసారి పిలిస్తేనే మనిషి, అప్పుడే పలకాల అని మాయమ్మ చెప్పేది. రెండుసార్లు పిలిచినాడు మేడం."

ఆసియా వంగి గడప దగ్గరి గీతల మీద చెయ్యి పెట్టింది.

"మూడోసారి పిలిచినాడో లేదో... నేనాడ లేను."