పాతికేళ్లు నిలవున్న తూటా

"భాస్కరమూర్తి ప్రాణాలతో ఇండియా చేరాలి. ఆ కొత్త లోహం ఫార్ములా ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. శత్రువులకి దక్కితే మనం మునిగామన్నమాటే" అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"చేరుస్తాను సార్" అన్నాడు ఏజెంట్ రంగనాథ్.

ఆ మాట అని వారం తిరక్కముందే, 1967 అక్టోబర్‌లో, జర్మనీలోని జీగెన్ ఊరి కొండ కింద, రెండో ప్రపంచయుద్ధకాలపు బంకర్‌లో, లోహశాస్త్రవేత్త భాస్కరమూర్తితో సహా బందీగా కూర్చున్నాడు. బయట ఇనుప తలుపుకి గడియ. చీకటి పడగానే ఇద్దర్నీ ట్రక్కులో సరిహద్దు దాటిస్తారు.

తప్పు గోంగూరది. మన డిపార్ట్‌మెంట్‌కి నమ్మకస్తురాలనుకున్న అందాల డాక్టర్ ఇందుమతి వాళ్లిద్దర్నీ గోంగూర పచ్చడితో భోజనానికి పిలిచింది. ఆర్నెల్లుగా బంగాళాదుంపలు తిన్న నాలుక ఆగలేదు. రంగనాథ్ ఓవర్‌కోటు గుమ్మం దగ్గర తగిలించి, శుభ్రంగా చేత్తో కలుపుకుని తిన్నాడు. శత్రువుల ఏజెంటు వెర్నర్ ముఠా లోపలికొచ్చేసరికి రివాల్వర్ కోటులో ఉంది, చెయ్యి ఎంగిలిది. తూటాలు అప్పటికే ఇందుమతి తీసేసింది. పైగా ఖాళీ రివాల్వర్ తిరిగి ఇచ్చి, "గుర్తుగా ఉంచుకోండి" అని నవ్వింది.

రంగనాథ్‌కి ఒళ్లు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది.

"గోడలు మీటరు మందం ఉంటాయండీ. గాలి కూడా ఆడట్లేదు" అన్నాడు భాస్కరమూర్తి. తడుముతున్న ఆయన చేతికి మూలన ఓ తుప్పు డబ్బా తగిలింది. అగ్గిపుల్ల గీశారు. అందులో పచ్చగా చిలుముపట్టిన తూటాలు.

"ఇవి పిస్టల్‌వి కదండీ? మీ రివాల్వర్‌లో పడతాయా?"

"నాది థర్టీటూ బోరు, ఇవీ అదే. వీటి అంచు కాస్త చిన్నది, అయినా పట్టుకుంటుంది."

"పేలతాయా?"

"అదే అడక్కండి."

రుమాలుతో తుడిచి ఆరు దూర్చాడు. గడియ చప్పుడైంది. వెర్నర్ పిస్టల్‌తో, వెనక ఇందుమతి టార్చితో లోపలికొచ్చారు.

రంగనాథ్ గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు.

క్లిక్!

వెర్నర్ పగలబడి నవ్వాడు. పిస్టల్ దించాడు కూడా. రంగనాథ్ మాత్రం రివాల్వర్ దించలేదు. ట్రైనింగ్‌లో సుబేదార్ బెత్తంతో కొట్టి నేర్పిన పాఠం: పేలని తూటాని నమ్మకు, గురి తిప్పకు. పాత మందు ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది.

ధన్!

వెర్నర్ భుజం పట్టుకుని కూలాడు. పిస్టల్ జారి పక్కనున్న మురుగు కాలవలో పడింది. ఇందుమతి చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి ఎత్తిపట్టింది. అది పెదాలకి పూసుకునేది కాదు, ఒక్క తూటా పేల్చేది.

"నా దాంట్లో ఇంకా ఐదున్నాయి డాక్టరుగారూ."

"అవి పేలతాయని మీకేంటి నమ్మకం?"

"నాకూ లేదు. చూద్దామా?"

ఆమె రంగనాథ్ కళ్లలోకి చూసింది. నేలమీద మూలుగుతున్న వెర్నర్‌ని చూసింది. లిప్‌స్టిక్ కింద పడేసింది.

వాళ్లిద్దర్నీ లోపల పెట్టి రంగనాథ్ గడియ వేశాడు. భాస్కరమూర్తి అదే పనిగా చలిగాలి పీల్చుకున్నాడు. దూరంగా ట్రక్కు లైట్లు కనబడగానే ఇద్దరూ అడవిలోకి పరుగెత్తారు. పోలీస్ స్టేషన్ దీపం కనిపించాకే ఆగారు.

ఆయాసం తీరాక రంగనాథ్ మట్టిగట్టుకి గురిపెట్టి మిగిలిన ఐదూ నొక్కాడు. క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్, క్లిక్. చాలాసేపు చూశారు. ఒక్కటీ పేలలేదు.

భాస్కరమూర్తి అక్కడే చతికిలబడ్డాడు.

"ఈ సంగతి మా చీఫ్‌కి మాత్రం చెప్పకండి" అన్నాడు రంగనాథ్. "చవగ్గా వస్తాయంటే వచ్చే మిషన్‌కి ఇవే ఇస్తాడు."