అత్తగారి సంతకం

రోజూలాగే అత్తగారు మెత్తని గుడ్డ తీసుకుని, డ్రోను రెక్కలు తుడుద్దామని పెట్టె తెరిచారు. ఒక రెక్క సగానికి విరిగి ఉంది.

"ఇదేంటమ్మాయ్, ఎప్పుడు విరిగింది?"

స్నానం చేసి వచ్చిన కోడలు అక్కడే కొయ్యబారిపోయింది. స్థలాలను డ్రోనుతో పైనుంచి కొలిచి పటాలు గీయడం ఆమె పని. రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి తెచ్చుకున్న లైసెన్సు ఆమెది. డ్రోను కంటికి కనబడుతూనే ఉండాలి, జనం నెత్తిమీదికి పోకూడదు, ఎగరేసిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. అందులో రెండు గళ్ళు: ఎగరేసినవారు, పక్కనుండి కనిపెట్టి చూసినవారు. రెండో గడిలో రెండేళ్ళుగా అత్తగారి సంతకమే. "కాకి వస్తోంది, దించు దించు!" అని కేకలేసేది ఆవిడే.

అంతలో భర్త వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న నేనే తీసుకెళ్ళాను. బడిలో ఆటల పోటీలు వీడియో తీద్దామని. పిల్లల మధ్య పడింది. ఒక పాపకి నుదుటి మీద నాలుగు కుట్లు. పదింటికి అధికారి వస్తారట, పుస్తకం చూడ్డానికి."

"లైసెన్సు లేకుండా, పిల్లల మీదా!"

"అరవకు. బడి మేడ మీంచి ఎగరేశాను, ఎవరు ఎగరేసిందీ ఎవరూ చూడలేదు. నువ్వు ఎగరేసినట్టు రాసెయ్. లైసెన్సుంది కాబట్టి నిన్ను మందలించి వదిలేస్తారు. నా మీదైతే కేసే. ఉద్యోగం పోతుంది."

"వదిలెయ్యరు, లైసెన్సు రద్దు చేస్తారు! మీది ఉద్యోగం, నాది కాలక్షేపమా?"

"ఇంటి పరువు కోసం ఆ మాత్రం సర్దుకోలేవా?"

సర్దుకోవాలట! తప్పు చేసినవాడు కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. ఏ పాపం ఎరగని మనిషి దోషిలా గుమ్మంలో నిలబడింది. ఇదెక్కడి న్యాయం?

అతను పుస్తకం తల్లి ముందు పెట్టాడు. "అమ్మా, నువ్వు పక్కనున్నట్టు సంతకం పెట్టు. నీ సంతకం చూస్తే ఎవరూ అనుమానించరు."

అత్తగారు కలం అందుకున్నారు. ఎంతైనా కన్నకొడుకు కదా అనుకుని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఆ పాపకి ఎన్నేళ్ళురా?"

"ఏడో ఎనిమిదో."

"వెళ్ళి చూశావా?"

అతను తల దించుకున్నాడు. అంతే, ఆవిడ భగ్గుమన్నారు.

"ఎండకి కళ్ళు మండినా రెప్ప వాల్చకుండా చూసి పెట్టిన సంతకాలురా ఇవి! ఇన్నేళ్ళలో నా మాట మీద నమ్మకం పెట్టి పని అప్పగించింది ఇదొక్కతే. దీని నోటి దగ్గర కూడు లాక్కోడానికి నా చెయ్యే దొరికిందా? సిగ్గులేదూ!"

మొదటి గడిలో కొడుకు పేరు రాశారు. రెండో గడిలో 'ఎవరూ లేరు' అని రాసి, పుస్తకం అతని ఒళ్ళో పడేశారు.

అతను పుస్తకం పట్టుకుని లేచి భార్య ముందు నిలబడ్డాడు. "తప్పు నాదే. అధికారికి ఈ పుస్తకం నేనే ఇస్తాను. ముందు ఆ పాప దగ్గరికి... నువ్వూ వస్తావా?"

ఆమె చెప్పులు వేసుకుంది.

అత్తగారు విరిగిన రెక్కని గుడ్డలో చుడుతూ ఏడ్చేశారు. "ఈ డ్రోను మీద పెట్టిన కన్ను వాడి మీద పెట్టలేకపోయానమ్మా."

కోడలు వెనక్కి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరూ రండి అత్తయ్యా."