పళ్ళు బిగిస్తే కదిలిన పడవ

"మేడమ్, నా పడవ కదుల్తలేదు!" నీలి గట్టిగా అరిచింది.

ఆమె కళ్ళకు డబ్బాలాంటి పెద్ద కళ్ళజోడు ఉంది. నుదుటికి మెత్తటి పట్టీ ఉంది. కళ్ళజోడులో తల ఎటు తిప్పినా నీళ్ళే, ఆ నీళ్ళ మధ్య ఒక పడవ. నుదుటి పట్టీ మెదడులోని సన్నని కరెంటును పసిగడుతుంది. ధ్యాస నిలిస్తే పడవ సాగుతుంది, చెదిరితే ఆగుతుంది. అదంతా పక్కనున్న కంప్యూటర్ తెర మీద అందరికీ కనిపిస్తుంది. అలా ఆడుతూ పిల్లలు ధ్యాస నిలపడం నేర్చుకుంటారేమో చూద్దామని వరంగల్ కాలేజీలో పనిచేసే విజయ మేడమ్ వాటిని తెచ్చింది. మానుకోట దగ్గరి ఆ బడిలో అలాంటి వింత అంతకుముందు ఎవరూ చూడలేదు. తెలంగాణ కోసం జరిగే బంద్‌లతో బడి మాటిమాటికీ మూతపడి, పాఠాలన్నీ గాలికి పోయిన కాలం అది.

నీలి ఆరో తరగతి. కూర్చున్న చోట కుదురుండదు. చూపు బోర్డు మీద, మనసు గోడ మీది కాకి మీద.

"నీ పడవ నిద్రపోయిందే నీలీ!" పక్కనున్న బలరాం కిసుక్కున నవ్వాడు.

నీలికి ఒళ్ళు మండింది. పళ్ళు గట్టిగా బిగించింది. అంతే, పడవ రయ్యిమని దూసుకుపోయింది! పళ్ళు వదిలితే ఆగింది. మళ్ళీ బిగిస్తే మళ్ళీ పరుగు.

'ఓహో, గిదా సంగతి!' అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఇక ఆ వారమంతా ఆమె పడవే ముందు.

"శాబాష్ నీలీ! నీకు ఇగ గిది అవసరం లేదు బిడ్డా. రేపటి సంది నీ జాగల ఇంకొకరు కూసుంటరు" అంది మేడమ్.

నీలి ఎగిరి గంతేసింది.

అప్పుడు నీలి వాళ్ళ లంబాడీ తండాలో తీజ్ పండుగ నడుస్తోంది. పెళ్ళికాని ఆడపిల్లలు మట్టి నింపిన బుట్టల్లో గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటకూ పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలకలు పచ్చగా ఎదిగితే తండాకు మంచిదని నమ్మకం. ఎన్నేళ్ళుగానో ఏడ్చి మొత్తుకుంటే, ఈ ఏడు మొదటిసారి నీలికి కూడా ఒక బుట్ట ఇచ్చారు.

నీలి మాత్రం ఆ సాయంత్రం ఇంటింటికీ తిరిగి తన పడవ గొప్పలు చెప్పింది. బుట్టకు నీళ్ళు పోయడం మరిచింది. మర్నాడు పొద్దున కూడా అంతే. సాయంత్రం బుట్టలు పెట్టిన పందిరి కిందికి వెళ్ళి చూస్తే అందరి మొలకలూ నిటారుగా ఉన్నాయి. ఆమెవి తలలు వాల్చేశాయి.

ఆడపిల్లలందరిలోకీ పెద్దదైన మంగ్లీ దగ్గరికొచ్చింది. "ఇంకొక్కసారి మర్సినవంటే నీ బుట్ట నేనే చూసుకుంట నీలీ. ఏమనుకోకు."

నీలి బుట్టను రెండు చేతులా పట్టుకుంది. "నేను మర్వను అక్కా! ధ్యాస పెట్టుడు నాకొచ్చు. మిషనే చెప్పింది!"

చెంబు అందుకుంది. బడిలోలాగే పళ్ళు బిగబట్టి నడిచింది. చుట్టూ అందరూ పాట ఎత్తుకున్నారు. నీలి నోరు మాత్రం పెగల్లేదు. ఆమె ధ్యాసంతా పళ్ళ మీదే ఉంది. చెంబెడు నీళ్ళూ పక్క బుట్టలో పోసేసింది.

అందరూ ఘొల్లున నవ్వారు.

"చెరుకు కొరికినట్టు గా దవడలేంది? గట్ల బిగబడితే పాటెట్లొస్తది?" అంది మంగ్లీ.

నీలికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ పడవను నడిపింది దవడలే. మనసు ఏమీ నేర్చుకోలేదు. నేర్చుకుందామంటే బడిలో తన చోటు కూడా పోయింది.

మర్నాడు బడికి వెళ్ళగానే విజయ మేడమ్ ముందు నిలబడింది. "మేడమ్, పడవను నేను ధ్యాసతోని నడపలే. పళ్ళు బిగిస్తే అదే ఉరికింది."

మేడమ్ పట్టీని తన నుదుటికి పెట్టుకుని పళ్ళు బిగించి చూసింది. తెర మీద పడవ పరుగు తీసింది. "అరె! దవడ బిగిస్తే ఆడి కండల కరెంటు గూడ పట్టీకి తగుల్తది. మిషనూ మోసపోయింది, నేనూ మోసపోయిన. ముందే చెప్తే ఏమాయె?"

నీలి తల దించుకుంది. "నాకు మళ్ళ నేర్పుతరా మేడమ్? లేకుంటే నా బుట్ట పోతది."

బుట్ట కథంతా విని మేడమ్ నవ్వింది. "సరే. కానీ వరుసల ఆఖర్న కూసోవాలె."

నీలి ఆఖరునే కూర్చుంది. తన వంతు రాగానే దవడ వదులు చేసుకుంది. పడవ కదల్లేదు. బలరాం నవ్వాడు. నవ్వనీలే అనుకుని పడవ కొసనే చూసింది. పడవ జానెడు కదిలి ఆగింది. కాసేపటికి మరో జానెడు.

ఆ సాయంత్రం పందిరి కింద నీలి పాడుతూ నీళ్ళు పోస్తోంది. ఇంతలో రోడ్డు మీద డప్పులు మోగాయి. తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటించి కొద్ది రోజులే అయింది. ఊళ్ళకు ఊళ్ళు సంబురాల్లో ఉన్నాయి. పిల్లలు చెంబులు ఎక్కడివక్కడ వదిలేసి ఉరికారు.

"నీలీ, జల్దీ రా! ట్రాక్టర్ ఎక్కుదాం!" బలరాం జెండా ఊపుతూ పిలిచాడు.

నీలి కాలు లేచింది. చూపు రోడ్డు మీదికి పోయింది. పోయిన చూపును తానే వెనక్కి తెచ్చుకుంది. ఆగిన పాట మళ్ళీ అందుకుంది. బుట్టలో మట్టి అంచుల దాకా తడిసేవరకు సన్నటి ధారగా నీళ్ళు పోసింది. వాలిన మొలకల్ని వేలితో మెల్లగా సవరించింది.

అప్పుడు చెంబు బోర్లించి, రోడ్డు వైపు ఒకటే పరుగు.

"ఆగున్రి, నేనూ వస్తున్న! జై తెలంగాణ!"