బాకా లేని గ్రామఫోను

“ఇది మా అమ్మ గ్రామఫోను కాదు! అసలుది ఏం చేశావు పిన్నీ?”

ఆ మాట అనేసి పిచ్చుక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగసాగింది. దర్జీ కొట్టు నడుపుతూ నలుగురికి పని చెప్పే మనిషైనా, పుట్టింట్లో ఆమె పేరు ఇప్పటికీ పిచ్చుకే. కాలు ఒకచోట నిలిస్తేగా! నాన్న పోయాక సామాను సర్దడానికి వచ్చి, అమ్మ గుర్తుగా గ్రామఫోనొక్కటి ఇస్తే చాలంది. పిన్ని బీరువా మీద నుంచి దించి ముందు పెట్టిందేమో సూట్‌కేసులాంటి నల్ల పెట్టె! మూత తీస్తే తిరిగే పళ్లెం, పక్కన కీ ఇచ్చే పిడి... అంతే! గోడ మీది ఫొటోలో అమ్మ పక్కన పువ్వులా విచ్చుకున్న ఆ పెద్ద బాకా ఏమైంది? ఊహ తెలియకముందే పోయిన తల్లి ఆమెకి ఆ ఒక్క ఫొటోలోనే ఉంది. ఆ బాకాతో పాటే ఉంది.

“ఇంకేమవుతుందే? అమ్ముకుని ఉంటుంది! సవతి సొమ్ము ఎవరికి చేదు?” నాన్న చెల్లెలు, మేనత్త, మంచం మీద నుంచే అగ్నికి ఆజ్యం పోసింది.

పిన్ని కొంగుతో పెట్టె మీది దుమ్ము తుడుస్తూ కూర్చుంది. ఆ మౌనానికి పిచ్చుక ఒళ్లు మండిపోయింది.

“నిజం చెప్పకపోతే మళ్లీ ఈ గడప తొక్కను!”

అనైతే అంది. నిజంగానే తొక్కదా? జ్వరం వచ్చినప్పుడల్లా రాత్రంతా తల నిమిరిన చేతులు ఇవే కదా... అయినా అమ్మ వస్తువు! ఎలా వదులుకోవడం?

ఫొటో తెచ్చి పిన్ని ముఖం ముందు పెడదామని గోడ దగ్గరికి విసవిసా వెళ్లింది. పక్కనే మేనత్త పెళ్లిఫొటో. దించబోయిన చెయ్యి ఆగిపోయింది. కొత్త దంపతులిద్దరి మధ్యా అదే బాకా! అంచున అదే సొట్ట! పుట్టి పెరిగిన ఇల్లు, రోజూ చూసే గోడ... ఒక్కరైనా గమనించలేదే!

“అత్తా! నీ పెళ్లిఫొటోలోకి అమ్మ గ్రామఫోను ఎలా వచ్చింది?”

మేనత్త కళ్లజోడు సవరించుకుని తడబడింది. “అది... స్టూడియోవాడిదే. పూలకుండీ కావాలా, గ్రామఫోను కావాలా అని అడిగేవాడు. మీ మామయ్య పూలకుండీ అంటే నేనే పట్టుబట్టాను...”

“మరి అమ్మది?”

పిన్ని పిడి ఊడదీసి ఆమె చేతిలో పెట్టింది. దాని కర్ర పట్టు మీద చిన్న చిన్న గాట్లు.

మేనత్త వంగి చూసి, “అయ్యో, నీ పాలపళ్లే! ఏది దొరికితే అది కొరికేదానివి. మీ అమ్మ ఈ పిడి లాక్కుంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదానివి! ఇదేనే... ఇదే మీ అమ్మది!” అనేసి నాలుక కరుచుకుంది.

పిచ్చుక అక్కడే కూలబడింది.

“నన్ను క్షమించు పిన్నీ! ముందే చెప్పొచ్చుగా? దొంగ అనిపించుకుని కూడా ఎందుకూరుకున్నావు?”

“చిన్నప్పుడు నీ స్నేహితురాళ్లని తెచ్చి ఆ ఫొటో చూపించేదానివి. ‘మా అమ్మ గ్రామఫోను ఎంత పెద్దదో’ అని మురిసిపోయేదానివి. అమ్మ ఎలాగూ లేదు... అది కూడా అమ్మది కాదని నా నోటితో ఎలా చెప్పనమ్మా?”

పిచ్చుక ఆమె ఒళ్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత మాట అన్నాను! ఎవరిని అన్నాను!

పెట్టె మూత లోపలి అరలో, మెత్తటి గుడ్డలో చుట్టిన రికార్డు ఒక్కటే ఉంది.

“మీ అమ్మకి ప్రాణమట ఈ పాట,” అంది పిన్ని. “నేనెప్పుడూ పెట్టలేదు. సూది ఆనినప్పుడల్లా కాస్త అరుగుతుందట. అంతా అరిగిపోతే నీకేం మిగులుతుంది?”

“ఒక్కసారీ వినలేదా పిన్నీ?”

లేదన్నట్టు తలూపింది.

పిచ్చుక కళ్లు తుడుచుకుని, పిడి బిగించి, రికార్డు పెట్టి కీ ఇచ్చింది. గరగరల మధ్య నుంచి ఒక ఆడగొంతు పాట అందుకుంది. పిన్ని కళ్లు మూసుకుని వింటోంది. చెంపల మీద నీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. పాట అయిపోగానే పిన్ని ఉలిక్కిపడి సూది ఎత్తబోయింది.

“చాలమ్మా, తీసేయ్. అరిగిపోతుంది.”

పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంకోసారి కీ ఇచ్చి, సూది మళ్లీ మొదట్లో ఆనించింది.

“అరగనీ పిన్నీ.”