మొలకమ్మ వచ్చాక

కుర్చీని ఇనుప నేలకు బోల్టులతో బిగించాలి. ఉప్పుగాలి చొరబడకుండా గది అంచులన్నీ రబ్బరుతో మూసేయాలి. బీజద్రవం సీసాలు చల్లగా ఉండాలి. చదువురాని వాళ్లకు అర్థమయ్యేలా గోడ మీద బొమ్మలు వేయించాలి. షిఫ్టు మధ్యలో వచ్చినా కూలి కోయకుండా కంపెనీని ఒప్పించాలి. అన్నిటికంటే ముందు, నోరు తెరవడానికి సిగ్గుపడే వాళ్లను పేరు పెట్టి పలకరించాలి.

డాక్టర్ సూరాడ సత్యవేణి ఇవన్నీ ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చింది. అది 2094. కళింగపట్నం తీరానికి చాలా దూరంలో, నడిసముద్రం మీద తేలే ‘నీలగర్భ’ అనే గని వేదిక. అడుగున పరుచుకున్న లోహపు గడ్డలను గొట్టాలతో పైకి పీల్చడం అక్కడి పని. ఒడ్డుకు పడవ మూడు నెలలకోసారే. మధ్యలో పన్ను నొప్పి వస్తే పక్కవాడి చేతికి పట్టకారు ఇచ్చి నోరు తెరవాల్సిందే. సత్యవేణి నాన్న ఇలాంటి వేదిక మీదే పనిచేశాడు. పుచ్చిన దవడపన్ను నుంచి చీము గొంతులోకి దిగి, పడవ వచ్చేలోపే ఊపిరాడక పోయాడు. వాళ్లింట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి ఆమె. చదివిన చదువంతా ఆ ఒక్క పన్ను కోసమే చదివింది.

ఆమె తయారుచేసిన యంత్రం పేరు దంతాంకురిణి. అది చిగుళ్ల నుంచి చిటికెడు మూలకణాలు తీసుకుని, బీజద్రవంలో కలిపి, పన్ను ఊడిన గుంటలో నాటుతుంది. సన్నగా విద్యుత్తు తగిలిస్తూ ఉంటే వారం తిరిగేసరికి అచ్చం పాత పన్నే మొలుస్తుంది. నొప్పి ఉండదు. నోట్లో ఏముందో యంత్రమే చూసి నోటితో చెబుతుంది గనక డాక్టరు పక్కన ఉండాల్సిన పనీ లేదు. కార్మికులు దాన్ని మొలకమ్మ అన్నారు.

అందులో మొదట కూర్చున్నది గనగళ్ల పోలమ్మ, గొట్టాలు కడిగే మనిషి. ముందుపళ్లు లేక ఏళ్ల తరబడి చెంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. పళ్లు మొలిచాక పచ్చి మామిడికాయ కొరికి, దాన్ని చేత్తో పట్టుకుని వేదికంతా తిరిగింది.

“ఓలమ్మా, సూడండర్రా! ఈ గాట్లు నాయే!”

ఆ ఏడే ఇంకొకటి జరిగింది. అప్పటిదాకా చట్టం దృష్టిలో పన్ను విరగ్గొట్టడమంటే ఎముక విరగ్గొట్టినట్టే, ‘తీవ్రగాయం’ కింద నేరం. మళ్లీ మొలిచేదానికి అంత శిక్ష దేనికని ఆ మాట తీసేశారు. తన యంత్రం చట్టాన్నే మార్చిందని సత్యవేణి గర్వపడింది.

తర్వాత పాత నోళ్లే మళ్లీ రావడం మొదలైంది.

“ఇదే పన్ను మూడోసారి,” అంది మొలకమ్మ, పోలమ్మ నోట్లోకి వెలుగు వేసి. “పుచ్చు లేదు. ఎదురు నుంచి బలమైన దెబ్బ.”

“ఏటైంది, పోలమ్మప్పా?” అంది సత్యవేణి.

“ఏటవుద్ది? మేస్త్రీ గుర్నాథం. గొట్టంలో ఇసక ఉండిపోనాదని స్పానరుతో ఇచ్చినాడు.” పోలమ్మ నెత్తురు ఉమ్మింది. “ముందు తిట్టీవోడు. మరీ కోపమొస్తే సెంపదెబ్బ. మీ మొలకమ్మ వచ్చినకాడ నుంచి తిన్నగా మూతి మీదే. ‘ఏడవకే, మొలుత్తాయిలే’ అంటాడు.”

సత్యవేణి బీజద్రవం సీసా అందుకుంది. “ముందు ఇది నాటించుకో అప్పా. తర్వాత మాట్లాడదాం.”

“నాకొద్దు. ఎల్లుండి తనిఖీ ఆఫీసరొత్తాడంట. పన్ను మొలిచీస్తే ఇంకేటి సూపిత్తాను? నా నోరు ఇలాగే ఒగ్గీ తల్లీ.”

“చీము పడుద్ది. మా నాన్న...”

“తెలుసు. మీ నాన్న నోరు సూడ్డానికి ఎవుడూ రానేదు. నా నోరు సూడ్డానికి ఒకడొత్తన్నాడు.”

ఆఫీసరు వచ్చాడు. ఆఫీసర్లకు హెలికాప్టరు ఉంది. భోజనాల హాల్లో అందరి ముందూ పోలమ్మ గుర్నాథం పేరు చెప్పి నోరు తెరిచింది. వాచిన పెదవులు, గడ్డకట్టిన నెత్తురు, మధ్యలో నల్లటి సందు. ఆయన వంగి చూశాడు.

“పక్కగదిలోనే ఉచితంగా వైద్యం ఉందిగా? చేయించుకోకపోవడం ఆవిడ ఇష్టం. ఇందులో తీవ్రగాయం ఏమీ లేదు.”

హెలికాప్టరు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. గుర్నాథం బల్లలు తోసుకుంటూ వచ్చాడు.

“నా మీద సెప్తావేటే? నోరుంటే కదా సెప్తావు!”

మొదటి దెబ్బకు కింది పళ్లు విరిగి నేల మీద దొర్లాయి. రెండో దెబ్బకు పెదవి చీలిపోయింది. మూడో దెబ్బ పడేలోపు పోలమ్మ తల తిప్పింది. స్పానరు కణత మీద పడింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు. పళ్లే కదా, మొలుస్తాయి అనుకోవడం ఏడాదిగా అందరికీ అలవాటైపోయింది.

సత్యవేణి ఆమెను ఈడ్చుకెళ్లి కుర్చీలో పడేసింది. “మొలకమ్మా, చూడు!”

“కింది పళ్లు నాలుగు లేవు. మొలిపించగలను. కానీ చిగుళ్లలో రక్తం కదలడం లేదు. నాటను.”

గుమ్మంలో గుర్నాథం నిలబడి ఉన్నాడు. “మూతి మీదే కొట్టబోయినాను డాక్టరమ్మా. అదే తల తిప్పీసినాది.”

అతని చేతిలోని స్పానరు తన చేతికి ఎలా వచ్చిందో సత్యవేణికి తెలియదు. మూతి మీదే కొట్టింది. ఇంకెక్కడా కాదు. పై వరస విరిగింది. మోకాళ్ల మీద పడ్డాక మళ్లీ కొట్టింది. కింది వరస విరిగింది. అతను నెత్తుటి నోటితో “వద్దమ్మా, వద్దు” అని చేతులు జోడించాడు. అప్పుడు ఆమెకు ఒక గొంతు వినిపించింది. తన గొంతే.

“ఏడవకురా. మొలుత్తాయిలే.”

స్పానరు చేతిలోంచి జారిపోయింది.

“తర్వాతి రోగి సిద్ధమా?” అని అడిగింది మొలకమ్మ.

పోలమ్మను దించి, ఆ కుర్చీలోనే గుర్నాథాన్ని కూర్చోబెట్టారు. వారం తిరిగేసరికి అతని పళ్లు తెల్లగా మొలిచాయి. మూతికి గురిపెట్టిన దెబ్బ గనక పోలమ్మ చావు ప్రమాదమని పోలీసులు రాసుకున్నారు. సత్యవేణి వాళ్ల ముందు నిలబడి తనకు శిక్ష వేయమంది. పళ్లన్నీ మొలిచాయి కాబట్టి అదీ తీవ్రగాయం కాదన్నారు.

దంతాంకురిణి ఇప్పుడు ప్రతి వేదిక మీదా, ప్రతి కొండ ఊరిలోనూ ఉంది. పన్ను నొప్పితో ఎవరూ చావడం లేదు. అది మంచిదే. ఏదో ఒక రోజు మీరూ ఆ కుర్చీలో కూర్చుంటారు. కొత్త పన్నుతో మొదటిసారి దేన్నైనా కొరికినప్పుడు గనగళ్ల పోలమ్మను ఒక్కసారి తలుచుకోండి. మామిడికాయ మీద తన పంటిగాట్లు చూసుకుని మురిసిపోయిన మనిషి. నోరు తెరిచి చూపిస్తే చాలనుకున్న మనిషి.