చెప్పనిస్తే కదా

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు స్వరాజ్యం మేడం జాబితా చదివింది. తొమ్మిదీ ముప్పై అయిదుకల్లా శ్రీలతకు ఆమె మీద ఒళ్లు మండింది.

"రవీందర్, ప్రియదర్శిని ఒక జత. శ్రీలత, శివ ఒక జత."

శ్రీలత లేచి నిలబడింది. "మేడం, రవీందర్, నేను రెండేండ్ల సంది పక్కపక్కనే కూసొని పని చేస్తున్నం. మమ్ముల్ని ఒక్క తాన ఉంచితే జల్ది అయిపోతది."

"తెలుసు బిడ్డా. అందుకే విడదీసిన," అంది మేడం కళ్లద్దాల పైనుంచి చూస్తూ. "కూసో."

అది రెండువేల పద్నాలుగు జూలై. శంషాబాద్‌లో హైవే పక్క మేడ మీదున్న ఆ చిన్న కంపెనీ, విమానాల్లో వచ్చే పార్సిళ్లు ఏ షెడ్డులో ఉన్నాయో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చి నాలుగు నెలలైంది. పాత జావాలో పది లైన్లు రాయాల్సిన చోట కొత్తదాంట్లో ఒక్క లైను చాలట. అది నేర్పడానికి ఎనిమిది మంది డెవలపర్లకు అయిదు రోజుల హ్యాండ్స్ ఆన్ ట్రైనింగ్ పెట్టి, సికింద్రాబాద్ నుంచి స్వరాజ్యం మేడంను పిలిపించారు. యాభై దాటిన మనిషి. నేత చీర, దాని కిందికి స్పోర్ట్స్ షూ.

"ఒక కంప్యూటర్, ఇద్దరు మనుషులు," అంది మేడం. "ఒకరు చెప్పాలె, ఒకరు కొట్టాలె. చెప్పేటోళ్లు కీబోర్డు ముట్టొద్దు. కొట్టేటోళ్లు, చెప్పని అక్షరం కొట్టొద్దు. ఇరవై నిమిషాలకు మారుండ్రి. నీ తలకాయల ఆలోచన పక్కోళ్ల వేళ్ల మీదికెల్లే కంప్యూటర్ల పడాలె. సమజైందా?"

అందరూ తలూపారు. శ్రీలత ఊపలేదు.

"ఇంకొకటి. శుక్రవారం నాడు ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు రాసియ్యాలె. కొత్త ప్రాజెక్టుల ఏడాది పొడుగు ఎవరి పక్కన కూసుంటరో మీ ఇష్టం. ఇద్దరి రాత కలిస్తే ఆ జత ఖాయం. కలవకపోతే ఇయ్యాల నేను చేసిన జతనే ఉంటది."

శ్రీలత గుండె కాస్త కుదుటపడింది. శుక్రవారం తను రవీందర్ పేరు రాస్తుంది, రవీందర్ తన పేరు రాస్తాడు. నాలుగు రోజులు ఓపిక పడితే చాలు. అయితే ఓపిక అనేది తొండుపల్లి జంగయ్య బిడ్డకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు.

రవీందర్ రాజేంద్రనగర్‌లో అమ్మతో కిరాయికి ఉంటాడు. మాట తక్కువ మనిషి. "శ్రీలతా, ఆ లూప్..." అని అతను మొదలుపెడితే, "ఒకసారి ఎక్కువ తిరుగుతున్నది, మార్చేసిన" అని ఆమె ముగించేది. అతను "చాయ్..." అనేలోగా ఆమె బ్యాగు సర్దుకునేది. అతని మనసు తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని శ్రీలతకు గర్వం. అతని మాటలన్నీ తనే పూర్తి చేస్తుంది గానీ ఒక్కటి మాత్రం అట్టే పెట్టింది. ఆ ఒక్కటీ అతని నోటితోనే వినాలి. రెండేళ్లుగా ఆ మాట కోసమే పొద్దున్నే తల దువ్వుకుని స్కూటీ ఎక్కుతోంది.

ఇక ప్రియదర్శిని. తెనాలి పిల్ల, కంపెనీలో చేరి నెలైంది. ఎవరినైనా మీరు అంటుంది, ఏ మాటకైనా చివర అండీ తగిలిస్తుంది. శ్రీలత, శివ కూర్చున్న బల్ల సరిగ్గా ఆమె, రవీందర్ కూర్చున్న బల్ల వెనకే.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది ప్రియదర్శిని, కీబోర్డు మీద వేళ్లు పెట్టి.

రవీందర్ చాలాసేపు పలకలేదు. ఆమె కూడా పలకలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతన్నే చూస్తూ కూర్చుంది.

"ముందుగాల పార్సిళ్ల లిస్టు తీసుకుందాం," అన్నాడు చివరికి. "అండ్లకెల్లి చల్లగ ఉంచాల్సినయి ఏరుదాం. తర్వాత బరువు చూసి వరుసల పెడదాం."

వెనక బల్ల మీద శ్రీలత లెక్కపెట్టింది. మూడు. పూర్తిగా, తోక తెగకుండా, మూడు వాక్యాలు.

"శ్రీలతా, నేనింక ఏం చెప్పనేలేదు," అన్నాడు పక్కనున్న శివ. "నువ్వే అంత కొట్టేసినవ్."

"నువ్వు చెప్పేదాంక కూసుంటే తెల్లారుతది."

"మంచిదే. నేను సమోసా తిని వస్త."

స్వరాజ్యం మేడం వెనకగా వచ్చి శ్రీలత రెండు చేతులూ కీబోర్డు మీది నుంచి తీసి ఒళ్లో పెట్టింది.

మంగళవారం భోజనాల దగ్గర ప్రియదర్శిని గోంగూర పచ్చడి సీసా మూత తీసింది. రవీందర్ కలుపుకుని తిన్నాడు. శ్రీలత వాళ్లమ్మ రేణుకమ్మ చేతి కూర రెండేళ్లుగా తింటున్నాడు, ఒక్కనాడూ ఏమీ అనలేదు. అతనికి నచ్చిందని శ్రీలతే ఇంటికెళ్లి చెప్పేది.

"ఎలా ఉందండీ?" అని అడిగింది ప్రియదర్శిని.

"మంచిగున్నదండీ," అన్నాడు రవీందర్.

అండీ అట. శ్రీలత చేతిలో జొన్నరొట్టె రెండు ముక్కలైంది. ఆ రోజు ఆమె రొట్టె సగం డబ్బాలోనే ఉండిపోయింది.

బుధవారం ఆ ఉక్రోషం బయటపడింది. ముందు బల్ల మీద రవీందర్ తెర మీద మేడం ఇచ్చిన కొత్త ప్రోగ్రాంను చూపిస్తూ, "ఈ లిస్టు..." అని ఆగాడు. ప్రియదర్శిని ఎప్పట్లాగే ఎదురుచూస్తోంది. శ్రీలతకు ఇక ఆగబుద్ధి కాలేదు.

"అంత ఉల్టా ఉన్నది," అంది వెనక నుంచి. "ముందుగాల వరుస పెట్టి తర్వాత ఏరుతున్నరు. ముందు ఏరి, తర్వాత వరుస పెట్టుండ్రి. ఇగ అయిపోయె."

ప్రియదర్శిని వెనక్కి తిరిగింది. గొంతు పెంచలేదు. "ఒక్క నిమిషం ఆగండి శ్రీలత గారూ. ఆయన చెప్తున్నారు కదా."

"ఆయన చెప్పేది గదే."

"గది కాదు," అన్నాడు రవీందర్. "లిస్టు ఖాళీగ వస్తే ఏమైతదో చూడాలె అంటున్న."

ప్రియదర్శిని ఖాళీ లిస్టు ఇచ్చి నడిపింది. ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోయింది. స్వరాజ్యం మేడం చప్పట్లు కొట్టింది. "శభాష్ రవీందర్. పొద్దటి సంది ఎవ్వరూ పట్టలే దీన్ని."

శ్రీలత ముఖం మాడిపోయింది. సాయంత్రం చాయ్ దుకాణం ముందు అతన్ని పట్టుకుని నిలదీసింది.

"రెండేండ్లల్ల నాతోని ఇన్ని మాటలు మాట్లాడినవా? ఆమెతోని మూడు దినాలల్ల మాట్లాడుతున్నవ్. తెనాలి గోంగూరల ఏమన్న మందు కలిపిందా?"

"శ్రీలతా, నువ్వు..."

"నాకు అక్కసు అంటవ్. అవును, అక్కసే. ఇంకేమంటవ్?"

"నేను..."

"ఆమె ఓపికున్న మనిషి అంటవ్. ఉండనీ. మంచిగ మాట్లాడతది అంటవ్. అదీ ఉండనీ."

రవీందర్ గ్లాసు కింద పెట్టాడు. "నేను ఏమన్లేదు. అంత నువ్వే అంటున్నవ్. నన్ను అననిస్తే కద."

అతను బస్టాండు వైపు వెళ్లిపోయాడు. రెండేళ్లలో ఇద్దరే ఉన్నప్పుడు అతను ఆమెతో పూర్తిగా అన్న వాక్యాలు అవే. అవి కూడా తిట్టే. శ్రీలత స్కూటీ మీద తొండుపల్లి దాకా ఏడుస్తూనే పోయింది.

గురువారం ఇద్దరికీ మాటల్లేవు. ముందు బల్ల మీద మాత్రం మాటలు ఆగలేదు. ఓసారి ప్రియదర్శిని ఏదో అంటే రవీందర్ పైకి నవ్వాడు కూడా. ఆ నవ్వు తను తెప్పించనిది. ఆ రోజు శ్రీలత కొట్టిన కోడ్‌లో పదకొండు తప్పులు దొర్లాయి, వాటిని శివ పట్టుకున్నాడు. శివ పట్టుకున్నాడంటే తన బతుకు ఎంత దిగజారిందో ఆమెకు అర్థమైంది.

శుక్రవారం నాలుగింటికి మేడం తలా ఒక కాగితం ఇచ్చింది. శ్రీలత దాని మీద 'ర' రాసి ఆగింది. తలెత్తి ముందు బల్లకేసి చూసింది. రవీందర్ తల వంచుకుని, ఒత్తి ఒత్తి రాస్తున్నాడు. పక్కన ప్రియదర్శిని కూడా రాస్తోంది.

ఇంకెవరి పేరు రాస్తాడు? ఓపికగా వినే మనిషి పేరే రాస్తాడు. తను అతని పేరు రాస్తే, మేడం అందరి ముందూ చదువుతుంది. రాసి కాదనిపించుకోవడం కన్నా రాయకపోవడమే మర్యాద. శ్రీలత ఆ అక్షరం కొట్టేసి, 'శివ' అని రాసి మడిచి ఇచ్చేసింది.

మేడం విప్పడం మొదలుపెట్టింది.

"ప్రియదర్శిని రాసింది, రవీందర్. శివ రాసిండు, శ్రీలత. కింద ఇంకేందో ఉన్నది... 'పనంత ఆమెనే చేస్తది'. నిజం చెప్పిండు." గదంతా నవ్వింది. "శ్రీలత రాసింది, శివ. కలిసింది, ఖాయం. ఇగ రవీందర్..."

ఆమె కాగితం మడతలు విప్పింది.

"రవీందర్ రాసిండు, శ్రీలత."

శ్రీలతకు చెవులు గింగురుమన్నాయి. మేడం మాత్రం చెప్పిన మాట ప్రకారమే నడిచింది. రవీందర్ రాత ఎవరితోనూ కలవలేదు గనక సోమవారం నాటి జతే. ఏడాది పాటు అతని పక్కన ప్రియదర్శిని. ఇది ఎవరో చేసిన అన్యాయం కాదు. తన చేత్తో తనే రాసుకుంది. అతని బదులు జవాబు చెప్పే అలవాటు చివరికి అతన్నే పక్క నుంచి లేపేసింది.

కిందికి దిగేసరికి వాన దంచుతోంది. మూసి ఉన్న దుకాణం షట్టర్ ముందు, రేకుల కింద రవీందర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. శ్రీలత వెళ్లి పక్కన నిలబడింది. జుట్టంతా తడిసింది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అవి వాన నీళ్లేనని అతను అనుకోవాలని ఆమె కోరిక.

"శ్రీలతా, నేను..." అన్నాడు.

ఆమె నాలుక చివరికి అరడజను ముగింపులు వచ్చాయి. పళ్లు బిగించి అన్నింటినీ లోపలే ఆపింది. చేతులు కట్టుకుంది. వాన రేకుల మీద మోగుతోంది. ఒక విమానం తలల మీదుగా కిందికి దిగిపోయింది. అతను ఇంకా మొదలుపెట్టలేదు. ఆమె ఇంకా ఆగింది. జీవితంలో అంత కష్టమైన పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు.

"నేను నీ పేరు రాసింది ప్రాజెక్టు కోసం కాదు," అన్నాడు రవీందర్. మళ్లీ ఆగాడు. "ప్రియదర్శినితోని మాట్లాడినంక ఒకటి ఎరుకైంది."

ఆ పేరు వినగానే శ్రీలత కట్టుకున్న చేతులు ఇంకా బిగించింది. నోరు మాత్రం తెరవలేదు.

"నాకు గూడ మాట్లాడ వస్తదని. గది ఎరుకైన కాన్నుంచి నీతోని మాట్లాడాలనే ఉన్నది. వేరేటోళ్లతోని కాదు. నువ్వంటే నాకిష్టం. చేరిన దినం నా కోడ్ చూసి, 'గిదేం కోడ్, ఎవలన్న చదువుతరా దీన్ని' అని నవ్వినవ్ సూడు, గప్పటి సంది ఇష్టం. ఆదివారం మా అమ్మను తోలుకొని మీ ఇంటికొస్త. మీ బాపుతోని నేనే మాట్లాడుత. నువ్వు మధ్యల అందుకోవద్దు."

శ్రీలత ఇంకా ఒక్క నిమిషం ఆగింది, ఏమైనా మిగిలి ఉందేమోనని.

"అయిపోయిందా?" అంది మెల్లగా.

"అయిపోయింది."

"అయితె ఏడాది పొడుగు నువ్వు ఆమె పక్కన కూసుంటవా?"

"నువ్వు రాసిన రాతనే గద," అన్నాడు రవీందర్, నవ్వుతూ.

ఆదివారం జంగయ్య ఇంటి ముందు గదిలో, కుర్చీ అంచు మీద కూర్చుని రవీందర్ చెమటలు కక్కాడు. పక్కన వాళ్లమ్మ రాములమ్మ. మంచినీళ్లు రెండుసార్లు తాగాడు. మొత్తానికి చెప్పవలసింది మొదలు నుంచి చివర దాకా తనే చెప్పాడు. తలుపు చాటున శ్రీలత కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

జంగయ్య చాలాసేపు మీసం నిమురుకున్నాడు. "పిలగాడు తక్కువ మాట్లాడతడు, గని సాఫ్ మాట్లాడతడు," అని భార్యతో అని, తలుపు వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

శ్రీలత గుమ్మంలోకి వచ్చింది. అందరి మాటలూ ముగించే నోటికి ఆ పూట తన మాటే దొరకలేదు. "నాకు..." అని ఆగిపోయింది. సాయం కోసం రవీందర్ వైపు చూసింది. అతను చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇంకొన్ని దినాలు ఆగుదామంటవా?" అంటూ రేణుకమ్మ అందుకుంది.

"మీరు ఆగుండ్రి అత్తమ్మా, ఆమెను చెప్పనియ్యిండ్రి," అన్నాడు రవీందర్.

అన్నాక తెలిసింది అతనికి, ఏమని పిలిచాడో. రాములమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. జంగయ్య మీసం కింద నవ్వు దాగలేదు.

"ఇగ నేను చెప్పేదేమున్నది బాపు," అంది శ్రీలత. "ఆయననే చెప్పేసిండు."